జడ్జి వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో చెప్పాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా కాలిఫోర్నియా నుంచే వచ్చాయి. అన్నిటి సారాంశం దాదాపు ఒకటే: వేర్వేరు కౌంటీల్లో వేసిన కేసుల్ని కలిపి ఒక జడ్జికి అప్పగించారు, ఆ జడ్జి మీద మాకు నమ్మకం లేదు, మార్చమని అడగడానికి గడువు ఎంత? అందుకే ఈ సంచికంతా దానికే ఇచ్చేశాను. ఇవి సాధారణంగా తెలుసుకోవడానికి రాస్తున్న మాటలు. మీ ఫైలు మీ లాయర్ దగ్గర ఉంది, నా దగ్గర లేదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

ప్రశ్న (ఫ్రీమాంట్): కారు ట్రాన్స్‌మిషన్ మాటిమాటికీ పాడవుతోందని కంపెనీ మీద అలమేడా కౌంటీ సుపీరియర్ కోర్టులో కేసు వేశాం. ఇలాంటివే లాస్ ఏంజెలెస్‌లో, శాన్ డియేగోలో కూడా ఉన్నాయట. అన్నీ కలిపి లాస్ ఏంజెలెస్‌లో ఒక జడ్జికి ఇచ్చినట్టు ఆర్డర్ వచ్చింది. ఆ జడ్జి కంపెనీల వైపు మొగ్గుతారని విన్నాం. మార్చమని అడగడానికి 20 రోజులు టైముందని మా లాయర్ అంటున్నారు, ఆఫీసులో ఫ్రెండేమో 15 రోజులే అని ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: లాయర్ మాటే నమ్మండి. మీ ఫ్రెండ్ చెప్పింది కూడా తప్పు కాదు, కాకపోతే అది వేరే రకం కేసుకి సంబంధించిన లెక్క.

కాలిఫోర్నియాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 170.6 అని ఒక సెక్షన్ ఉంది. 1957లో వచ్చింది. ఈ జడ్జి నాకు వద్దు, నా విషయంలో పక్షపాతం ఉందని నమ్ముతున్నాను అని ప్రమాణం చేసి కాగితం ఇస్తే చాలు, టైములో ఇచ్చి ఉంటే ఆ జడ్జి తప్పుకోవాల్సిందే. ఎందుకు వద్దో చెప్పక్కర్లేదు, రుజువు చూపించక్కర్లేదు, జడ్జి గారు 'నాకేం పక్షపాతం లేదే' అని వాదించడానికీ లేదు. దీన్నే లాయర్లు పెరెంప్టరీ ఛాలెంజ్ అంటారు. మన దేశంలో కోర్టులు చూసినవాళ్లకి ఇది నమ్మశక్యంగా ఉండదు, కానీ అక్కడ ఇది రోజూ జరిగే పనే.

ఇంత సులువుగా ఇచ్చారు కాబట్టే గడువు దగ్గర మాత్రం గట్టిగా ఉన్నారు. మామూలు సివిల్ కేసులో మొదటి నుంచి చివరి దాకా ఒకే జడ్జికి అప్పగిస్తే, ఆ సంగతి మీకు నోటీసు అందిన 15 రోజుల్లో ఛాలెంజ్ వేయాలి. అప్పటికి మీరింకా కేసులో హాజరు కాకపోతే, హాజరైన రోజు నుంచి 15 రోజులు. ఇది ఒకప్పుడు 10 రోజులే ఉండేది, 2011 నుంచి 15 చేశారు. పాత పుస్తకాలు, పాత వ్యాసాలు చదివినవాళ్లు 10 అని చెప్తే అందుకే.

మీది మామూలు కేసు కాదు. వేర్వేరు కౌంటీల్లో ఉన్న కేసుల్లో వాస్తవాలో చట్టపరమైన ప్రశ్నలో ఒకటే అయినప్పుడు వాటిని ఒక జడ్జి దగ్గరికి చేర్చడాన్ని కోఆర్డినేషన్ అంటారు. అదే కోడ్‌లో 404వ సెక్షన్ నుంచి మొదలవుతుంది. ఇందులో జడ్జిని వేసేది రాష్ట్ర కోర్టులకి రూల్స్ పెట్టే జుడీషియల్ కౌన్సిల్ అధ్యక్ష స్థానంలో ఉండే రాష్ట్ర చీఫ్ జస్టిస్, లేదా ఆ అధికారం అందుకున్న ప్రిసైడింగ్ జడ్జి. మీ ఆర్డర్ మీద జేసీసీపీ అని ఒక నాలుగంకెల నంబరు ఉంటుంది చూడండి, అది ఈ పద్ధతిదే. రౌండప్ కలుపుమందు వల్ల క్యాన్సర్ వచ్చిందన్న కేసులు అలమేడా కౌంటీకి చేరిందీ, 2017 అక్టోబర్‌లో నాపా, సోనోమా వైపు తగలబడిన ఇళ్ల కేసులు శాన్ ఫ్రాన్సిస్కోకి చేరిందీ, పిల్లలు సోషల్ మీడియాకి బానిసలవుతున్నారన్న కేసులు లాస్ ఏంజెలెస్‌లో నడుస్తున్నదీ ఇలాగే.

ఈ కేసులకి గడువు చెప్పేది కాలిఫోర్నియా కోర్టు రూల్స్‌లో 3.516. కోఆర్డినేషన్‌కి జడ్జిని వేస్తూ ఇచ్చిన ఆర్డర్ మీకు సర్వీస్ అయిన, అంటే పద్ధతి ప్రకారం అందజేసిన, నాటి నుంచి 20 రోజుల్లోపు, రాతపూర్వకంగా, ఆ జడ్జికే ఛాలెంజ్ సమర్పించాలి. అవును, మీరు వద్దంటున్న జడ్జి చేతికే! మరి సెక్షన్ ఒకటి చెప్తుంటే రూలు ఇంకోటి ఎలా చెప్తుందని అడగొచ్చు. 404.7 సెక్షన్ ఏమంటుందంటే, వేరే చట్టాల్లో ఏమున్నా సరే, కోఆర్డినేషన్ ఎలా నడవాలో జుడీషియల్ కౌన్సిలే రూల్స్ పెట్టుకోవచ్చు అని. ఆ అధికారంతో పెట్టిందే ఈ 20 రోజులు.

ఇక లెక్కపెట్టడం. లెక్క మొదలయ్యేది ఆర్డర్ మీద జడ్జి సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు, మీ లాయర్ ఫోన్ చేసి మీకు చెప్పిన రోజు నుంచీ కాదు. సర్వీస్ అయిన తేదీ నుంచి. ఆర్డర్ వెనకాల ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ అని ఒక పేజీ ఉంటుంది, దాని మీద ఉన్న తేదీ చూడండి. సర్వీస్ రోజు లెక్కలోకి రాదు, మర్నాడు ఒకటో రోజు. చివరి రోజు సెలవైతే తర్వాతి కోర్టు పనిదినం దాకా ఉంటుంది. ఉదాహరణకి 2025 మార్చి 3న సర్వీస్ అయిందనుకోండి, ఇరవయ్యో రోజు మార్చి 23, అది ఆదివారం, కాబట్టి 24 సోమవారం దాకా టైముంది. శని, ఆదివారాలు మధ్యలో వస్తే తీసేయరు, అవీ రోజులే.

పోస్టులో వస్తే అయిదు రోజులు, ఈమెయిల్లో వస్తే రెండు పనిదినాలు అదనంగా కలుస్తాయని కూడా మీ ఫ్రెండ్ ఎప్పుడో అప్పుడు చెప్తాడు. 1013, 1010.6 సెక్షన్లలో ఆ మాట ఉంది, 170.6 ఛాలెంజ్‌కి పోస్టు సర్వీస్ విషయంలో ఆ అదనపు రోజులు వర్తిస్తాయని 1997లో ఒక అప్పీల్ కోర్టు చెప్పింది కూడా. కానీ నా సలహా అడిగితే ఆ రోజుల్ని లేనట్టే అనుకోండి. ఇరవై దాటాక వేసి, దాని మీద వాదించుకుని గెలవడం కన్నా పన్నెండో రోజున వేసేసి నిద్రపోవడం మేలు.

ప్రశ్న (శాన్ రామన్): మా బావగారు, నేను ఇలాంటి కేసులోనే వాదులం. మా లాయర్ ఛాలెంజ్ రెడీ చేస్తుండగానే, ఫ్రెస్నోలో మాకు ముక్కూ మొహం తెలియని ఇంకో వాది లాయర్ వేసేశాడట, ఆ జడ్జి మారిపోయారు. ఇప్పుడు వచ్చిన కొత్త జడ్జి పాతాయన కన్నా ఘోరం అని మా లాయర్ తల పట్టుకున్నారు. మేము సొంతంగా ఇంకోటి వేయొచ్చా? మాది వేరే కేసు, వేరే లాయర్ కదండీ.

జవాబు: వేయడానికి లేదండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గడువు గురించి అందరూ కంగారు పడతారు, దీని గురించి ఎవరూ ముందుగా అడగరు.

170.6 ప్రకారం ఒక్కో పక్షానికి ఒకే ఒక్క ఛాలెంజ్. 3.516 రూలు ఇంకో మెట్టు ముందుకెళ్లి, కలిపిన కేసులన్నిట్లో ఉన్న వాదులందరూ కలిసి ఒక పక్షం, ప్రతివాదులందరూ కలిసి ఒక పక్షం అని తేల్చేసింది. కేసులు యాభై ఉన్నా, లాయర్లు ముప్ఫైమంది ఉన్నా, ఊళ్లు పది ఉన్నా అంతే. ఇంటిల్లిపాదికీ ఒకటే రేషన్ కార్డు ఉన్నట్టు, మీ వైపు మొత్తానికి ఒకటే ఛాలెంజ్, దాన్ని ఎవరు ముందు వాడితే వాళ్లదే. ఫ్రెస్నో ఆయన వాడేశాడు. తర్వాత ఎవరైనా కొత్తగా కేసు వేసి ఈ గుంపులో చేరినా, వాదుల పక్షం కోటా తిరిగి పుట్టదు.

అందుకని ఇది చదివే మిగతావాళ్లకి చెప్తున్నాను, ఆర్డర్ అందిన మొదటి వారంలోనే మీ లాయర్‌ని ఒక్కమాట అడగండి: మన వైపు మిగతా లాయర్లతో మాట్లాడారా, ఈ జడ్జి విషయంలో వాళ్లేం అనుకుంటున్నారు? ఇరవై రోజుల్లో అసలు పని కాగితం రాయడం కాదు, అది అరపూట పని. మిగిలిన టైమంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికే. ఇంకో సంగతి, ఇలాంటి పెద్ద కేసులు చూసే ప్రత్యేక విభాగాలు ఉన్నవి లాస్ ఏంజెలెస్, ఆరెంజ్, శాంటా క్లారా, శాన్ ఫ్రాన్సిస్కో, అలమేడా, కాంట్రా కోస్టా లాంటి కొద్ది కౌంటీల్లోనే, వాటిల్లో జడ్జీలూ కొద్దిమందే. ఒకరిని తీసేస్తే ఆ స్థానంలోకి వచ్చే అవకాశం ఎవరికుందో అనుభవం ఉన్న లాయర్లు ముందే ఊహించగలరు. ఆ ఆలోచన చేయకుండా 'ఈయన వద్దు' అని ఊపులో వేసేస్తే మీకు జరిగిందే జరుగుతుంది.

ప్రశ్న (కూపర్టినో): మాకు మొదట ఒక జడ్జిని వేశారు, కేసులు కలపాలా వద్దా అని తేల్చడానికట. ఆయన కలపమన్నారు. ఇప్పుడు కేసులు నడపడానికి ఇంకో జడ్జిని వేశారు. మొదటాయన్ని మేము ఏమీ అనలేదు. 20 రోజులు అప్పుడే అయిపోయాయా, ఇప్పుడు మళ్లీ మొదలవుతాయా?

జవాబు: ఇప్పుడు కొత్తగా మొదలవుతాయి. మొదటాయన కోఆర్డినేషన్ మోషన్ జడ్జి, రెండో ఆయన కోఆర్డినేషన్ ట్రయల్ జడ్జి. రూల్స్‌లో 'అసైన్డ్ జడ్జి' అంటే ఇద్దరూ వస్తారు, గడువు ఎవరి ఆర్డర్ సర్వీస్ అయిన నాటి నుంచి వారికే. రెండు గడువులున్నాయి కదా అని రెండు ఛాలెంజ్‌లు ఉంటాయనుకోకండి, పక్షానికి ఒకటే. మొదటాయన మీద వాడకపోవడమే మంచిదయింది, అసలు కేసు వినేది ఈ రెండో ఆయన.

ప్రశ్న (సన్నీవేల్): ఛాలెంజ్ కాగితం మీద నన్ను సంతకం పెట్టమన్నారు. 'పెనాల్టీ ఆఫ్ పర్జరీ' అని ఉంది, అంటే అబద్ధమైతే శిక్ష అనే కదా. ఆ జడ్జి గారిని నేను కంటితో చూడనే లేదు. పక్షపాతం ఉందని ప్రమాణం చేసి ఎలా రాయను? రేపు గ్రీన్ కార్డ్‌కి ఏమైనా ఇబ్బందవుతుందా? రాత్రిళ్లు ఇదే ఆలోచన.

జవాబు: ఆ కాగితాన్ని ఇంకోసారి నెమ్మదిగా చదవండి. అందులో ఉండే మాట, ఈ జడ్జి ముందు నాకు నిష్పాక్షికమైన విచారణ దొరకదు, లేదా దొరకదని నేను నమ్ముతున్నాను అని. మీరు ప్రమాణం చేసేది మీ నమ్మకం గురించి. మీ లాయర్ పాత కేసుల అనుభవంతో చెప్పింది విని మీరు నిజంగానే అలా నమ్మితే అందులో అబద్ధమేమీ లేదు. నమ్మకపోతే, కేవలం విచారణ సాగదీయడానికి వేస్తున్నారనిపిస్తే, సంతకం పెట్టకండి. ఇంకో దారి కూడా ఉంది, ఈ ప్రమాణం లాయరే చేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. చాలాసార్లు జరిగేదీ అదే.

కారణం చెప్పకుండా జడ్జిని మార్చమనడం రాజ్యాంగబద్ధమేనా అని జడ్జీలకే అనుమానం వచ్చి గట్టి వాదనలు జరిగాయి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1958లో జాన్సన్ కేసులో సరేనంది, 1977లో సోల్‌బర్గ్ కేసులో మళ్లీ అదే చెప్పింది. దుర్వినియోగం జరుగుతుందని వాళ్లకి తెలుసు, జరిగినా సరే, కక్షిదారుకి కోర్టు మీద నమ్మకం ఉండడం ముఖ్యమనుకున్నారు. గ్రీన్ కార్డ్ సంగతి అంటారా, ఇది సివిల్ కోర్టులో చట్టం ఇచ్చిన హక్కు వాడుకోవడం, నేరం ఒప్పుకోవడం కాదు. నిద్రపోండి.

ప్రశ్న (అర్వైన్): ఇరవై రోజులూ దాటి ఏడాది అయింది. మొదట్లో జడ్జి బాగానే ఉన్నారు, ఈ మధ్య మేమేం అడిగినా కొట్టేస్తున్నారు. కంపెనీ దగ్గరున్న కాగితాలు ఇప్పించమంటే ఇవ్వనక్కర్లేదన్నారు, మా లాయర్‌ని అందరి ముందూ విసుక్కున్నారు. ఇది పక్షపాతం కాక మరేమిటి? ఇప్పుడు మార్చమని అడగలేమా?

జవాబు: కారణం చెప్పకుండా అడిగే దారి మూసుకుపోయింది. కారణం చూపించి అడిగే దారి ఒకటుంది, 170.1 సెక్షన్. దానికి ఇన్ని రోజులని గడువు లేదు, కానీ కారణం తెలిసిన వెంటనే, వీలైనంత తొందరగా వేయాలి అని 170.3లో ఉంది. తెలిసి కూడా జేబులో పెట్టుకుని, తీర్పు ఎటొస్తుందో చూసి అప్పుడు తీద్దామనుకుంటే కుదరదు.

కానీ మీరు రాసిన కారణాలు సరిపోవు. కటువుగా చెప్తున్నానని అనుకోకండి. ఓడిపోయిన ప్రతి మోషన్ పక్షపాతమైతే ప్రపంచంలో ప్రతి జడ్జికీ సగంమంది శత్రువులే. కేసులోని ఒక విషయం మీద జడ్జి అభిప్రాయం చెప్పినంత మాత్రాన అది కారణం కాదని 170.2 సెక్షన్లో రాసే ఉంది. విసుక్కోవడం కూడా, ఒకటి రెండుసార్లయితే, కారణం కాదు. 170.1కి కావలసింది వేరు: జడ్జికో ఇంట్లోవాళ్లకో ఆ కంపెనీలో 1,500 డాలర్లు దాటిన వాటా ఉండడం, దగ్గరి బంధువు కేసులో ఉండడం, ఇదే వివాదంలో గతంలో ఒకరికి లాయర్‌గా పనిచేసి ఉండడం, వివాదంలో ఉన్న వాస్తవాలు సొంతంగా తెలిసి ఉండడం. లేదా, సంగతులన్నీ తెలిసిన మామూలు మనిషికి 'ఈయన నిష్పాక్షికంగా ఉండగలరా' అని సహేతుకంగా సందేహం కలిగే పరిస్థితి. ఇలాంటిది నిజంగా ఉంటే ప్రమాణపూర్వకంగా రాసి, జడ్జికి గానీ ఆయన క్లర్క్‌కి గానీ నేరుగా అందించాలి. జడ్జికి 10 రోజులు టైముంటుంది. తప్పుకోవడానికి ఒప్పుకోవచ్చు, కాదంటూ జవాబు వేయొచ్చు. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. జవాబు వేస్తే ఇంకో జడ్జి తేలుస్తారు. ఆలస్యంగా వేసినా, చదవగానే చట్టప్రకారం కారణమే కాదని తేలినా ఆయనే కొట్టేయొచ్చు.

కాగితాలు ఇప్పించలేదన్నదానికి మందు అప్పీల్ కోర్టులో రిట్ అడగడం, జడ్జిని మార్చడం కాదు. ఇంకో చిన్న ఆశ కూడా ఉంది. రేపు మీరు ఓడి, అప్పీల్ చేసి, పై కోర్టు ఆ తీర్పు కొట్టేసి, మళ్లీ విచారణకి ఇదే జడ్జి దగ్గరికి పంపిందనుకోండి, అప్పీల్ చేసింది మీరు కాబట్టి ఆ సంగతి తెలిసిన 60 రోజుల్లో కారణం చెప్పకుండానే మార్చమని అడగొచ్చు, ఇంతకుముందు వాడేసుకున్నా సరే.

ప్రశ్న (డల్లాస్): మాది ఫెడరల్ కోర్టు. దేశంలో నలుమూలల కేసులు కలిపి ఒక జడ్జికి ఇచ్చారు. మాకూ ఇరవై రోజులేనా?

జవాబు: ఫెడరల్ కోర్టుల్లో కారణం చెప్పకుండా జడ్జిని తప్పించే సౌకర్యమే లేదు. కాబట్టి ఆ గడువూ లేదు. కారణం ఉంటే చూపించి అడగాలి, అంతే.

ప్రశ్న (గుంటూరు): మా అబ్బాయి అక్కడ ఉండి ఈ పద్ధతి గురించి చెప్పాడు. మా పొలం దావా జిల్లా కోర్టులో ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. జడ్జి గారు అవతలివాళ్ల ఊరివారు. మనకీ ఇలాంటి కాగితం ఏమైనా ఉందా అండి?

జవాబు: ఇలాంటిది లేదండి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద కేసు వేరే కోర్టుకి మార్చమని హైకోర్టులో గానీ, కింది కోర్టుల కేసైతే జిల్లా కోర్టులో గానీ పిటిషన్ వేసుకోవచ్చు. రాష్ట్రం దాటించాలంటే 25వ సెక్షన్, సుప్రీంకోర్టు. రోజుల గడువేమీ లేదు, కానీ న్యాయం జరగదేమోనన్న భయానికి సహేతుకమైన ఆధారం చూపించాలి. ఒకే ఊరివారు అన్నది ఒక్కటే ఆధారం కాదు, ఆ లెక్కన మన జిల్లాల్లో కేసులు వినడానికి జడ్జీలే దొరకరు. చుట్టరికమో, ఆ పొలంతో లావాదేవీయో ఉంటే అది వేరు, అది చూపించగలిగితే మీ వకీలు గారితో మాట్లాడండి. చూపించలేకపోతే వేయకండి. పిటిషన్ కొట్టేశాక మళ్లీ ఆ జడ్జి ముందే నిలబడాలి.

ప్రశ్న (ఫ్రీమాంట్ నుంచే, ఇంకొకరు): మా వాళ్లు టైములోనే వేశారు, పద్దెనిమిదో రోజున. అయినా గడువు దాటిందని జడ్జి కొట్టేశారు. కేసు అయ్యాక అప్పీల్లో చూసుకుందామని మా లాయర్ అంటున్నారు.

జవాబు: కేసు అయ్యాక చూసుకోవడం కుదరదు. ఛాలెంజ్ మీద ఇచ్చిన ఆర్డర్ మామూలు అప్పీల్లోకి రాదు. 170.3(డి) ప్రకారం అప్పీల్ కోర్టులో రిట్ ఆఫ్ మాండేట్ ఒక్కటే దారి, అదీ ఆర్డర్ నమోదైనట్టు రాతపూర్వక నోటీసు మీకు సర్వీస్ అయిన 10 రోజుల్లోపు. లెక్కెక్కడ తేడా వచ్చిందో చూడండి, బహుశా వాళ్లు 15 రోజుల లెక్క వేశారేమో, లేదా మీ వైపు లాయర్లందరి తరఫున కాగితాలు అందుకునే లియాజన్ కౌన్సెల్ దగ్గర ఆర్డర్ నాలుగు రోజులు ముందే చేరిందేమో. ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ తెప్పించుకోండి. ఈ ఉత్తరం మీరు రాసిన తేదీ చూస్తే నోటీసు అందింది కిందటి వారమే అనిపిస్తోంది, అందుకే ఈ జవాబు పత్రిక వచ్చేదాకా ఆగకుండా విడిగా ఈమెయిల్లో కూడా పంపాను.